ఫోర్ట్రాన్ కాగితాల నుంచి పైథాన్ దాకా: ఒక ఉపగ్రహ లెక్కల ప్రాజెక్టు డైరీ

జూన్ 2025, తొలకరి

మాస్టారి పాత ప్రోగ్రామ్‌ను ఈ కాలపు కంప్యూటర్ మీదికి తేవడం ఈ ప్రాజెక్టు పని. ఏ ఉపగ్రహం ఎన్నింటికి మన ఆకాశంలోకి వస్తుంది, ఏ దిక్కున లేచి ఏ దిక్కున దిగుతుంది, యాంటెన్నా ఎంత పైకెత్తాలి, ఇవన్నీ లెక్కకట్టి అచ్చు వేసే ప్రోగ్రామ్ అది. మాస్టారు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే రోజుల్లో, 1990ల్లో తయారుచేసుకున్నారు. 1996 నవంబర్ 6 తుపానుకు కోనసీమలో కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభాలు, టెలిఫోన్ లైన్లు నేలకొరిగాయి. హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు సొంతంగా నడిపే రేడియో, లైసెన్స్ ఉన్న మాస్టారికి ఆ తర్వాత ఉపగ్రహాల మీద పట్టుదల ఇంకా పెరిగింది.

ప్రోగ్రామ్ గుండెకాయ మాత్రం ఆయన సొంతం కాదు. అది ఎస్‌జీపీ4 అనే కక్ష్య లెక్క. 1980లో ఫెలిక్స్ హూట్స్, రొనాల్డ్ రోరిక్ అనే ఇద్దరు ‘స్పేస్‌ట్రాక్ రిపోర్ట్ నంబర్ 3’లో దీని సూత్రాలతో పాటు ఫోర్ట్రాన్ 4 అనే ఆనాటి కంప్యూటర్ భాషలో కోడ్ మొత్తం అచ్చు వేశారు. భూమి చుట్టూ తిరిగే వస్తువుల కక్ష్య వివరాలను అమెరికా సైన్యం ఒక్కోదానికి రెండేసి వరుసల్లో విడుదల చేస్తుంది. ఆ రెండు వరుసలను ఎస్‌జీపీ4లో వేస్తే ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడుంటుందో వస్తుంది. హామ్ ఆపరేటర్ల దగ్గర్నుంచి చిన్న ఉపగ్రహాలు నడిపే కాలేజీల వరకు ఇప్పటికీ వాడేది ఈ లెక్కనే. అందుకే ఈ పని మీద నాకు ఇంత శ్రద్ధ. నలభై ఐదేళ్ల వయసున్న కోడ్, ఇంకా డ్యూటీలో ఉంది.

పనిలో ముగ్గురం. మాస్టారు, నేను, భీమవరంలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా మేనకోడలు. ఉద్యోగంలో నా పని బ్యాంకుల కోబాల్ ప్రోగ్రామ్‌లను కొత్త భాషల్లోకి మార్చడం, కాబట్టి పాత కోడ్ అంటే బెదురు లేదు. ఫోర్ట్రాన్ మాత్రం ఇంజనీరింగ్‌లో వదిలేసిందే.

ఫ్లాపీల మీద ఆశ పెట్టుకున్నాం గానీ కోనసీమ చెమ్మకు డిస్కుల మీద తెల్లగా బూజు పట్టేసింది. డ్రైవ్‌లో పెడితే హెడ్ కూడా పాడవుతుందని మాస్టారు పెట్టనివ్వలేదు. ఇక మిగిలింది ప్రింటవుట్. పక్కన చిల్లులున్న పొడవాటి డాట్ మ్యాట్రిక్స్ కాగితం, మడతల దగ్గర చిరిగి, అక్కడక్కడ రిబ్బన్ సిరా వెలిసిపోయి ఉంది. చెదలు మొదటి పేజీ వరకే తిన్నాయి. దాంట్లో ఉన్నవి కామెంట్లే.

జూన్ చివర

మొత్తం చేత్తో టైప్ చేస్తున్నాం. ఫోన్‌తో ఫొటో తీసి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే సున్నాకు, ఓ అక్షరానికి తేడా తెలియడం లేదు. ఈ కోడ్‌లో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఆ కాలపు ఫోర్ట్రాన్‌లో నిలువు వరుసలకు అర్థం ఉంది. పంచ్ కార్డుల నాటి అలవాటు. మొదటి 5 గళ్లు లేబుల్ నంబర్‌కు, ఆరో గడిలో ఏదైనా గుర్తు ఉంటే పై వరుసకు కొనసాగింపు, 7 నుంచి 72 వరకు అసలు వాక్యం. 72 దాటినది, కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ కంటికి కనపడదు. ఓ పొడుగాటి సూత్రంలో చివరి అక్షరం 73వ గడిలో పడినా ఏ తప్పూ చూపించకుండా కంపైల్ అయిపోయే ప్రమాదం ఉంది. అందుకని 72 దాటిన ప్రతి వరుసనూ పట్టించే చిన్న స్క్రిప్టు మేనకోడలు రాసింది. రోజూ టైప్ చేసింది రోజూ దాని గుండా వెళ్తుంది.

వెలిసిపోయిన అంకెల సంగతి ఎక్కువ రాయాలి. సూర్యచంద్రుల ఆకర్షణను లెక్కలోకి తెచ్చే డీప్ అనే సబ్‌రౌటిన్, అంటే ప్రోగ్రామ్‌లో అవసరమైనప్పుడు పిలిచే విడి ముక్క, ఉంది. అందులో స్థిరాంకాలు వరసగా పేర్చి ఉంటాయి, ఏది ఏమిటో పక్కన రాసి ఉండదు. ఒకచోట 1.58, తర్వాత మూడో ఎనిమిదో తెలియని మచ్చ, ఆ తర్వాత 5218, పక్కన ‘పది ఘాతం మైనస్ 4’. చలరాశి పేరు చూస్తే చంద్రుడి చలనం అనిపించింది. చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చిన చోటి నుంచి మళ్లీ అంత దగ్గరగా వచ్చే చోటికి చేరడానికి పట్టే కాలం 27.5546 రోజులు. ఒక పూర్తి చుట్టును, అంటే రెండు పైలను, అన్ని నిమిషాలతో భాగిస్తే 0.000158352 వచ్చింది. మచ్చ కింద ఉన్నది 3. సూర్యుడి అంకెనూ ఇలాగే సంవత్సరంతో సరిచూశాం. 0.05490 చంద్రుడి కక్ష్య కేంద్రచ్యుతి, అంటే కక్ష్య ఎంత కోలగా ఉందో చెప్పే అంకె, .01675 సూర్యుడిది. వాటికి పంచాంగ గణితం పుస్తకాలే సాక్ష్యం. ఇప్పుడు ప్రతి అంకె పక్కన అదేమిటో, ఎలా సరిచూశామో తెలుగులో కామెంట్ రాస్తున్నాం. మేనకోడలికి ఈ పని తెగ నచ్చింది. నాకు కూడా ఈ నెలలో అన్నిటికన్నా తృప్తినిచ్చిన పని ఇదే.

నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 1 సంగతి ఈ సందర్భంలో గుర్తొస్తుంది. 1977లో వెళ్లిన ఆ నౌక 2023 నవంబర్‌లో అర్థంలేని డేటా పంపడం మొదలుపెడితే, అక్కడి ఇంజనీర్లు దశాబ్దాల కిందటి కాగితాలు ముందేసుకుని కూర్చోవలసి వచ్చింది. ఒక మెమరీ చిప్ పోయిందని తేలాక, అందులో ఉన్న కోడ్‌ను ముక్కలు చేసి మిగిలిన మెమరీలో తలో చోట సర్దారు. ఒక్క ఆదేశం అంత దూరం చేరడానికే 22 గంటలకు పైగా పడుతుంది. 2024 ఏప్రిల్ 20న నౌక ఆరోగ్యం గురించి మళ్లీ సరైన కబురు వచ్చింది. కాగితాలు దాచిపెట్టిన వాళ్లెవరో గానీ వాళ్లకు దణ్ణం పెట్టాలి.

జూలై, నాట్ల సమయం

టైపింగ్ పూర్తయింది. జీఫోర్ట్రాన్ అనే ఉచిత కంపైలర్‌కు పాత పద్ధతి కోడ్ అని చెప్పి ఇచ్చాం. హెచ్చరికలు బోలెడు వచ్చాయి, తప్పులు రాలేదు. నడిపితే మొదటి సమయానికి స్థానం సరిగ్గా వచ్చింది. రెండో సమయం నుంచి అన్నీ చెత్త అంకెలు. ఆప్టిమైజేషన్, అంటే కోడ్ వేగంగా నడవడానికి కంపైలర్ చేసే సర్దుబాటు, తీసేసి కంపైల్ చేస్తే మళ్లీ బాగానే ఉంది.

ఇలా ఒకసారి పనిచేసి ఒకసారి చెడిపోయేది చూస్తే నాకు టెన్షన్. అసలే పనిచేయని కోడ్ దీనికన్నా మేలు.

కారణం దొరికింది. ఎస్‌జీపీ4 సబ్‌రౌటిన్‌ను మొదటిసారి పిలిచినప్పుడు ఒక గుర్తు పెట్టి పిలుస్తారు. అప్పుడది ఆ ఉపగ్రహానికి సంబంధించిన స్థిరమైన విలువలన్నీ లెక్కగట్టి తన లోపలి చలరాశుల్లో పెట్టుకుంటుంది. తర్వాతి పిలుపుల్లో కాలం మాత్రమే మారుతుంది, పాత విలువలు అక్కడే ఉన్నాయన్న ధీమాతో లెక్క సాగుతుంది. ఆనాటి యంత్రాల్లో సబ్‌రౌటిన్ ముగిసినా దాని చలరాశుల చోటు మారేది కాదు. ఇప్పటి కంపైలర్ వాటిని తాత్కాలికమైన చోట పెడుతుంది, పిలుపు ముగియగానే ఆ చోటు వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. ఆ విలువలను నిలబెట్టమని కోడ్‌లో ఎక్కడా చెప్పలేదు, ఎందుకంటే చెప్పాల్సిన అవసరం అప్పుడు లేదు.

“మా రోజుల్లో ఎక్కడ పెట్టింది అక్కడే ఉండేదయ్యా, మళ్లీ చెప్పడమెందుకు” అన్నారు మాస్టారు.

లోపలి చలరాశులన్నిటినీ నిలబెట్టమనే ఆప్షన్ కంపైలర్‌లో ఉంది. అది పెట్టగానే ఆప్టిమైజేషన్ ఉన్నా లేకపోయినా ఒకే అంకెలు వచ్చాయి. అయితే ఆప్షన్ పెట్టి ఊరుకుంటే ఆ ధీమా మళ్లీ కనపడకుండా పోతుంది. అందుకని ‘నమ్మకాల పుస్తకం’ అని ఒక ఫైల్ తెరిచాం. కోడ్ ఏ విషయాన్ని చెప్పకుండా నమ్ముతోందో అది అందులో రాయాలి. పక్కన, ఆ నమ్మకాన్ని ఉంచాలా, మార్చాలా, ఎందుకు అన్నది కూడా రాయాలి. ఇది మొదటి పద్దు. నిర్ణయం: పాత ఫోర్ట్రాన్‌లో ఆప్షన్‌తో ఉంచడం, కొత్త కోడ్‌లో ఆ విలువలన్నిటికీ ఒక ఆబ్జెక్ట్ కట్టి ఎవరికి కావాలంటే వారికి కనపడేలా పెట్టడం.

ఈ ప్రాజెక్టులో అసలు సరుకు ఈ పుస్తకమే అవుతుందని నాకనిపిస్తోంది.

ఆగస్టు

1980 నివేదికలో పరీక్ష కోసం 88888 నంబర్‌తో ఒక ఉపగ్రహం వివరాలు, దానికి రావలసిన జవాబులు ఇచ్చారు. సున్నా నిమిషాల దగ్గర రావలసిన స్థానం కిలోమీటర్లలో 2328.97048951, మైనస్ 5995.22076416, 1719.97067261. ఇదే వివరాలకు 2006లో డేవిడ్ వల్లాడో, కెల్సో, మరో ఇద్దరు కలిసి సవరించి వెలువరించిన కోడ్ ఇచ్చే జవాబు 2328.96975262, మైనస్ 5995.22051338, 1719.97297192. మూడో అంకెలో 2 మీటర్ల పైచిలుకు తేడా.

పాత కోడ్ ఎక్కువగా సింగిల్ ప్రెసిషన్‌లో నడుస్తుంది. అంటే సుమారు 7 అంకెల వరకే నమ్మకం. 6,000 కిలోమీటర్ల సంఖ్యను అలా దాచుకుంటే అర మీటరు మేర ఎటూ కాకుండా ఉంటుంది, లెక్క సాగేకొద్దీ అది పోగవుతుంది. మేం సింగిల్‌లో నడిపితే అంకెలు 1980 జవాబుకు దగ్గరగా, మొత్తం దానికి రెట్టింపు చోటు తీసుకునే డబుల్‌కు మారిస్తే 2006 జవాబుకు దగ్గరగా వచ్చాయి. ఆఖరి అంకె దాకా మాత్రం ఏదీ కలవలేదు. ఒకే ఇంటెల్ చిప్‌లో కూడా పాత 80 బిట్ల లెక్కకు, కొత్త 64 బిట్ల లెక్కకు చివరి అంకెలు తేడా వస్తాయి.

మరి ‘సరిపోయింది’ అని ఎప్పుడు అనాలి? దీని మీద ముగ్గురం బాగా వాదించుకున్నాం. రెండు వరుసల కక్ష్య వివరాల ఖచ్చితత్వమే విడుదలైన రోజున సుమారు ఒక కిలోమీటరు, తర్వాత రోజురోజుకూ తగ్గుతుంది. ఆ లెక్కన 2 మీటర్లు పట్టించుకోనక్కర్లేదు. కానీ కోడ్ మార్చేటప్పుడు చూడవలసింది ఉపగ్రహం అసలు ఎక్కడుందన్నది కాదు, పాత జవాబు మారిందా లేదా అన్నది. ఆఖరికి రెండు హద్దులు పెట్టుకున్నాం. టైప్ చేసిన ఫోర్ట్రాన్ 1980 అంకెలకు 10 మీటర్లలోపు ఉండాలి. పైథాన్ భాషలోని కొత్త కోడ్ 2006 అంకెలకు మిల్లీమీటరులోపు ఉండాలి. హద్దు దాటితే కోడ్‌ను ముందుకు పోనివ్వకూడదు.

పైథాన్‌లో ఎస్‌జీపీ4 లైబ్రరీ తయారుగా ఉండగా మళ్లీ ఎందుకు రాయడం అని మేనకోడలి స్నేహితులు అడిగారట. మంచి ప్రశ్నే. కక్ష్య లెక్క వరకు మేం ఆ లైబ్రరీనే వాడుతున్నాం. అంతరిక్ష సంస్థలు కూడా పాతదాన్ని ఊరికే పారేయవు. గ్రహాల, నౌకల స్థానాలు లెక్కించడానికి నాసా వాళ్లు ఇచ్చే స్పైస్ టూల్‌కిట్ ఫోర్ట్రాన్ 77లో పుట్టింది. దాని సీ భాష రూపం కూడా చేత్తో తిరగరాసింది కాదు, ఎఫ్2సీ అనే అనువాద ప్రోగ్రామ్‌తో ఆ ఫోర్ట్రాన్ నుంచే తీశారు. పరీక్షకు నిలిచిన లెక్కను మళ్లీ రాస్తే కొత్త తప్పులు వస్తాయి. మేం మార్చవలసింది మాస్టారు సొంతంగా కట్టిన భాగం: భూమి మీది స్థానం, దిక్కు, ఎత్తు, అచ్చు. పాత ఫోర్ట్రాన్ పక్కనే సాక్షిలా ఉంటుంది.

సెప్టెంబర్, వినాయక చవితి దాటాక

కోడ్‌లో 0.0743669161 అనే అంకె ఉంది. ఏ వివరణా లేదు. మేనకోడలు దాన్ని విప్పింది. భూమి ఆకర్షణ విలువ 398600.8ను, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6378.135 కిలోమీటర్ల ఘనంతో భాగించి, వర్గమూలం తీసి, 60తో గుణిస్తే ఆ అంకె వస్తుంది. ఇవి 1972 నాటి భూమి కొలతలు, డబ్ల్యూజీఎస్-72 అంటారు. ఇప్పుడు జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84, అందులో వ్యాసార్ధం 6378.137.

“పాత కొలతలు మావయ్యా, కొత్తవి పెట్టేద్దాం. ఆధునికీకరణ అంటే అదేగా” అంది.

వద్దన్నాను. ఎందుకో అరగంట చెప్పుకున్నాం, డైరీలో కూడా వివరంగా రాస్తున్నాను. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు మార్చాలనుకునేది దీన్నే.

రెండు వరుసల్లో ఉండే అంకెలు నేరుగా కొలిచినవి కావు. రాడార్లు చూసిన స్థానాలకు ఎస్‌జీపీ4 లెక్క సరిపోయేలా వెనక్కి తిప్పి పట్టిన అంకెలు. ఆ పట్టడంలో వాడింది ఇదే సూత్రం, ఇవే 1972 కొలతలు. సూత్రంలో వదిలేసిన చిన్న చిన్న ప్రభావాల తప్పును కూడా కొంతమేర ఆ అంకెలే మోస్తుంటాయి. ధాన్యం ఏ కుంచంతో కొలిచి పోశారో ఆ కుంచంతోనే కొలిచి తీసుకోవాలి. మన దగ్గర కొత్త కుంచం ఎంత సరైనదైనా ఇక్కడ లెక్క తప్పుతుంది. దిగువ కక్ష్యలో ఉన్న ఉపగ్రహానికి భూమి ఆకర్షణ విలువ మార్చినంత మాత్రాన కక్ష్య వ్యాసార్ధం సుమారు 2 మీటర్లు జరుగుతుంది. యాంటెన్నాకు ఆ తేడా తెలియదు. కానీ రేపు ఈ కోడ్ తీసుకుని ఎవరో రెండు ఉపగ్రహాల మధ్య దూరం చూడాలనుకుంటే, మనం మంచి చేస్తున్నామనుకుని చేసిన చెడు వాళ్లకు చేరుతుంది.

అయితే మాస్టారి భాగంలో, భూమి మీద మా యాంటెన్నా ఉన్న అమలాపురం ఎక్కడుందో చెప్పే చోట, అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లోని జీపీఎస్ నుంచి తీసుకుంటున్నాం కాబట్టి అక్కడ 84 కొలతలే ఉండాలి. ఒకే ప్రోగ్రామ్‌లో రెండు భూములు. చూడటానికి తప్పులా కనిపిస్తుంది, అందుకే పుస్తకంలో పెద్ద పద్దు రాసి, కోడ్‌లో రెండు చోట్లా ‘కలపకండి’ అని కామెంట్ పెట్టాం.

అక్టోబర్, దసరా సెలవులు

మాస్టారి భాగం పైథాన్‌లోకి వచ్చింది. పాతదానికీ కొత్తదానికీ ఈ వారం కక్ష్య వివరాలు ఇచ్చి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రాకపోకలు పోల్చాం. ఉపగ్రహం స్థానం రెండింట్లో ఒకటే. లేచే సమయం కొద్ది సెకన్ల తేడా. దిక్కు, ఎత్తు మాత్రం నడినెత్తి మీదుగా పోయే ప్రతిసారీ కొట్టొచ్చినట్టు వేరుగా ఉన్నాయి. కింద దిగంతం దగ్గర పోయేవాటికి తేడా దాదాపు తెలియదు.

స్థానం సరిపోయి దిక్కు తప్పితే తప్పు మన కాళ్ల కింద ఉన్నట్టు. భూమి ఎంత తిరిగిందో చెప్పే కోణాన్ని విడిగా అచ్చు వేయించాం. పాతదానికీ కొత్తదానికీ 0.77 డిగ్రీల తేడా. ఏ ఉపగ్రహమైనా అంతే, పొద్దున్న అయినా రాత్రి అయినా అంతే. ఇంత నిలకడగా ఉన్న తేడా టైపింగ్ తప్పు వల్ల రాదు.

ఆ కోణం లెక్కగట్టే ఫంక్షన్ 1980 నివేదికలోదే. రెండు అంకెల సంవత్సరం తీసుకుంటుంది. 10 కన్నా తక్కువ వస్తే 80 కలుపుతుంది, అంటే 0 అంటే 1980, 5 అంటే 1985. మిగతా వాటికి ముందు 19 ఉందనుకుంటుంది. మనం ఇచ్చిన 25ను అది 1925గా చదివింది. ఈ ఫంక్షన్‌కు ఇది మహాత్మా గాంధీ బతికున్న కాలం.

వందేళ్లు తప్పితే అంతా తలకిందులు కావాలి కదా, 0.77 డిగ్రీలే ఎందుకు? ఇక్కడే దీని ప్రమాదం ఉంది. 1925 నుంచి 2025కు సరిగ్గా 36,525 రోజులు. ఆ రోజుల్లో నక్షత్రాలతో పోల్చి భూమి వేసిన అదనపు చుట్లు దాదాపు సరిగ్గా 100. మిగిలిన చిల్లర ఆ 0.77 డిగ్రీలు. ఒక శతాబ్దం తప్పు ఒక డిగ్రీ కూడా లేని తేడా వెనక దాక్కుంది. మన అక్షాంశంలో అది 82 కిలోమీటర్లు, పడమర వైపు. అంటే పాత ప్రోగ్రామ్ లెక్కలో మా యాంటెన్నా ఉన్నది అమలాపురంలో కాదు, కైకలూరు దరిదాపుల్లో, కొల్లేటి ఒడ్డున.

88888 పరీక్ష దీన్ని పట్టలేదు, అది 1980 తేదీతోనే ఉంది మరి. మాస్టారు 90ల్లో వాడినప్పుడు కూడా అంతా సరిగ్గానే నడిచింది. కోడ్‌లో తప్పు లేదు, కోడ్ చుట్టూ కాలం మారింది.

యూరప్ రాకెట్ ఏరియాన్ 5 తొలి ప్రయోగం కథ ఇలాంటిదే. 1996 జూన్ 4న ఎగిరిన సుమారు 30 సెకన్లకే దాని దిశ చెప్పే కంప్యూటర్లు రెండూ ఆగిపోయాయి. ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన 64 బిట్ల విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చే చోటు ఉంది. పాత రాకెట్‌లో ఆ విలువ ఎప్పుడూ అంత పెద్దది కాలేదు. కొత్త రాకెట్ వేగంగా ఒరిగి పోతుంది, విలువ పట్టలేదు. ఆ లెక్క నేల వదిలాక ఏరియాన్ 5కు అసలు అవసరమే లేదు. పాత అవసరం కోసం నడుస్తూ ఉండిపోయింది. వాళ్ల దగ్గర ఆ నమ్మకం రాసి ఉన్న కాగితం సరైన మనుషుల ముందు పడి ఉంటే రాకెట్ దక్కేది.

పుస్తకంలో మూడో ముఖ్యమైన పద్దు. నిర్ణయం: మార్చాలి. రెండు వరుసల పద్ధతికి అందరూ పాటించే నియమం ఉంది. 57 నుంచి 99 వరకు 1957 నుంచి 1999, 00 నుంచి 56 వరకు 2000 నుంచి 2056. తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 1957లో కాబట్టి అక్కడ గీత గీశారు. లోపలికి రాగానే నాలుగు అంకెలకు మార్చేసి, ఆ తర్వాత కోడ్‌లో ఎక్కడా రెండు అంకెల సంవత్సరం లేకుండా చేశాం.

అక్టోబర్ చివర

28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. ముందే యాంటెన్నా గొట్టం దించి తాళ్లతో కట్టాం. కరెంటు లేక పని ఆగింది. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి మాస్టారి ఇంట్లో అటక మీద పెట్టాం, స్కాన్ కాపీలు ఇప్పుడు మూడు ఊళ్లలో ఉన్నాయి.

నవంబర్, కార్తీకం

అంకెల పరీక్షలు అయ్యాయి, ఇక ఆకాశంతో పరీక్ష.

మొదటిది మాస్టారి ఎంపిక, ఏఓ-7. 1974 నవంబర్ 15న వెళ్లిన హామ్ ఉపగ్రహం. 1981లో బ్యాటరీ పాడై మూగబోయింది. 2002లో, 21 ఏళ్ల తర్వాత, మళ్లీ పలికింది. షార్ట్ అయిన బ్యాటరీ కాలక్రమంలో తెగిపోయి, సౌర పలకల కరెంటు నేరుగా రేడియోకు అందడం వల్ల అని అనుకుంటారు. ఎండలో ఉన్నంతసేపే పనిచేస్తుంది. మా పరీక్షకు ఇంతకన్నా తగినది లేదని ముగ్గురం అనుకున్నాం.

ఉపగ్రహం దగ్గరకు వచ్చేటప్పుడు సిగ్నల్ పౌనఃపున్యం ఎక్కువగా, దూరమయ్యేటప్పుడు తక్కువగా వినిపిస్తుంది. గీత గీస్తే అది ఎక్కడ అన్నిటికన్నా నిటారుగా దిగుతుందో ఆ క్షణంలో ఉపగ్రహం మనకు అతి దగ్గరగా ఉన్నట్టు. మా చవక డాంగిల్ రిసీవర్ పౌనఃపున్యం కాస్త అటూ ఇటూ ఉన్నా ఈ క్షణం మారదు, అందుకే ఈ పద్ధతి. కొత్త లెక్క చెప్పిన సమయానికీ గీతలో కనిపించిన సమయానికీ తేడా ఒకట్రెండు సెకన్లలోపే. మాస్టారు హెడ్‌ఫోన్ తీయలేదు, చాలాసేపు వింటూనే కూర్చున్నారు.

కానీ ఇది సరిపోదు. ఏఓ-7 దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది. మనల్ని 82 కిలోమీటర్లు పడమరకు జరిపినా దానికి అతి దగ్గరగా వచ్చే క్షణం కొద్ది సెకన్లే మారుతుంది. శతాబ్దం తప్పుతో కూడా ఈ పరీక్ష ఇంచుమించు పాసైపోయేది. తప్పు ఎటువైపు ఉందో తెలిస్తే దాన్ని పట్టే పరీక్ష విడిగా కట్టాలి.

అందుకు అంతరిక్ష కేంద్రం పనికొచ్చింది. సాయంత్రం చీకటి పడ్డాక భీమవరం మీదుగా పోయే రోజు చూసుకున్నాం. అది సుమారు 420 కిలోమీటర్ల ఎత్తున పోతుంది. కైకలూరులో ఉన్నవారికి నడినెత్తికి తూర్పున, అమలాపురంలో ఉన్నవారికి పడమరన కనపడాలి. మేడ మీద రెండు గుంజల మధ్య తాడు కట్టి, మధ్యలో తాపీమేస్త్రి తూకపు గుండు వేలాడదీశాం. గుండు కింద చాప వేసుకుని పడుకుంటే నడినెత్తి ఎక్కడో వేరే అడగక్కర్లేదు. పాత కాగితం తూర్పు అంది, కొత్తది పడమర అంది. చుక్క గుండుకు పడమరగా, స్పష్టంగా ఎడం ఇచ్చి పోయింది. ఆ సమయం, పక్క, రెండు ప్రోగ్రామ్‌ల అంకెలు అన్నీ పరీక్షల ఫోల్డర్‌లో ఒక ఫైల్‌గా చేరాయి. ఇక ముందు ఎవరు కోడ్ మార్చినా అది దీన్ని దాటాలి.

డిసెంబర్

కక్ష్య వివరాలు చదివే భాగం తిరగరాస్తున్నాం. రెండు వరుసల పద్ధతిలో ఉపగ్రహం నంబర్‌కు 5 గళ్లే ఉన్నాయి, 99999తో సరి. దాని తర్వాత మొదటి అంకె బదులు ఇంగ్లిష్ అక్షరం పెట్టే ఏర్పాటు ఒకటి ఉంది. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఐ, ఓ అక్షరాలు వదిలేశారు కాబట్టి అది 339999 వరకు వస్తుంది. జూన్‌లో సున్నాతో మేం పడ్డ పాట్లు వాళ్లకూ తెలుసన్నమాట. అసలు దారి మాత్రం ఓఎంఎం అనే కొత్త పద్ధతి. గళ్ల లెక్క ఉండదు, ప్రతి విలువకూ పేరుంటుంది, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటుంది. అంకెల అర్థం మాత్రం మారలేదు. లోపల అదే ఎస్‌జీపీ4, అదే 1972 కొలతలు. పుస్తకంలో సెప్టెంబర్ పద్దు కింద ఈ మాట కూడా చేర్చాను. కొత్త పద్ధతి చూసి కొత్త కొలతలు అనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు.

ప్రస్తుతం ఓఎంఎంను జేసన్ అనే టెక్స్ట్ రూపంలో చదవడం అయింది, పాత రెండు వరుసలు కూడా చదువుతుంది. రెండు దార్లలోనూ ఒకే ఉపగ్రహానికి ఒకే జవాబు రావాలన్న పరీక్ష నడుస్తోంది.

మిగిలింది డీప్ సబ్‌రౌటిన్. చుట్టుకు 225 నిమిషాలు, అంతకన్నా ఎక్కువ పట్టే ఉపగ్రహాలకే అది పనిలోకి వస్తుంది కాబట్టి ఇంతవరకు పక్కన పెట్టాం. అందులో కక్ష్య వాలు 0.2 రేడియన్ల కన్నా తక్కువైతే వేరే దారిలో పోయే చోటు ఒకటి ఉంది, భూస్థిర ఉపగ్రహాలన్నీ అటే పోతాయి. కోణం ఒక చుట్టు పూర్తయి సున్నాకు వచ్చే దగ్గర పాత ఫంక్షన్ 0 నుంచి 360 వరకు ఇస్తుంది, పైథాన్‌ది మైనస్ 180 నుంచి 180 వరకు ఇస్తుంది. అక్కడ ఆ నమ్మకం ఏమిటో ఇంకా రాయలేదు. 2006 నాటి పరీక్ష ఉదాహరణల్లో మోల్నియా అనే బాగా కోలగా ఉండే 12 గంటల కక్ష్యలున్నాయి, జనవరిలో ముందు వాటిని తీసుకుంటున్నాం. భూస్థిరం ఆ తర్వాత. మేనకోడలికి సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా డీప్‌లో కామెంట్లు రాయడం నా వంతు.